నాలుగో కళ్ళజోడు

ఆవిడ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను ఇండియన్ స్టోర్‌లో బెండకాయల తోకలు విరిచి చూసుకుంటున్నాను. విరవవద్దని బోర్డు పెట్టారు. అయినా విరుస్తాం. ఫోన్ చేసింది మా పక్క వీధిలో ఉండే స్నేహితురాలు.

"మన డెంటిస్ట్ గారు పోయారంట. పొద్దున్నే కిచెన్‌లో కాఫీ కలుపుకుంటూ అలాగే పడిపోయారంట. మెదడులో నరం చిట్లిందన్నారు."

"ఏ డెంటిస్ట్?" అన్నాను.

అడిగాక గానీ వెలగలేదు. ఆవిడ ఈ దేశంలో డెంటిస్ట్ అయి పదకొండు నెలలే. అంతకుముందు ఎన్నో ఏళ్ళు మా అందరి నోళ్ళలో ఆవిడ "క్లినిక్‌లో పనిచేసే ఆవిడ" మాత్రమే. నలభై ఆరేళ్ళ మనిషి. కిందటి ఆదివారం గుడి పార్కింగ్‌లో కనబడి, నా నోటికేసి చూసి, రాత్రిళ్ళు పళ్ళు కొరుకుతున్నారా అని అడిగింది. బెండకాయల సంచీ అక్కడే వదిలేసి కార్లోకి వచ్చి కూర్చున్నాను. ఏడుపు రాలేదు. స్టోర్ కుర్రాడు వచ్చి అద్దం మీద తట్టి, మేడమ్ మీ పర్స్ మర్చిపోయారు అని ఇచ్చి వెళ్ళాడు.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చదివితే మీకే తెలుస్తుంది.

మేం అమెరికాలోని మోరిస్‌విల్ వచ్చిన కొత్తలో, అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందులో ఆవిడని మొదటిసారి చూశాను. నేను గుత్తివంకాయ తింటున్నాను. ఎదురుగా ఒకావిడ, పొట్టిగా, కుర్తీ చేతులు మోచేతుల దాకా మడిచి, నన్నే చూస్తోంది. నన్ను అంటే నా నోటిని.

"మీరు కుడివైపే నములుతున్నారు. ఎడమవైపు కింద ఏదో ఇబ్బంది ఉంది కదండీ?"

"అదేం లేదండీ."

"ఉంటుంది. చూపించుకోండి."

నాకు ఒళ్ళు మండింది. పేరు అడగలేదు, ఊరు అడగలేదు, ఆఖరికి ఏ వీసా మీద వచ్చారని కూడా అడగలేదు. మనవాళ్ళలో వీసా అడగని మనిషిని చూడటం నాకదే మొదలు. పది రోజులకి ఎడమవైపు కింది పన్ను సలపడం మొదలుపెట్టింది. అప్పుడు ఇంకా ఎక్కువ మండింది.

ఆవిడకి మనుషుల పేర్లు నిలిచేవి కావు. నోళ్ళు నిలిచేవి. "మొన్న మీ ఇంటికి వచ్చారే, పై ముందు పళ్ళ మధ్య సందున్నాయన, ఆయన ఉద్యోగం ఏమైంది?" అనేది. మాట్లాడుతున్నప్పుడు కళ్ళలోకి చూడదు, పెదాల దగ్గరే ఆగిపోతుంది. కొత్తవాళ్ళు ఇబ్బందిపడి మూతి తుడుచుకునేవాళ్ళు. కారు తలుపు సగం తీసినా, పచ్చడి సీసా మూత బిగుసుకున్నా, పిల్లలు చెయ్యి మూసి ఏదో దాచినా ఆవిడ నోటివెంట ఒకటే మాట వచ్చేది: "ఇంకొంచెం తెరవండి." అయిదేళ్ళ పిల్లలకి కూడా అండీ అనే అనేది.

ఇంకో అలవాటుండేది. పంటి వైద్యులు పనిచేసే చేతి ఉంగరం వేలు ఎక్కడో ఒకచోట ఆనించుకుంటేనే గానీ పనిముట్టు కదపరట, పేషెంట్ ఉలిక్కిపడినా చెయ్యి జారకుండా. ఆవిడ ఆ వేలు అన్నిటికీ ఆనించేది. పిల్లకి బొట్టు పెడితే గడ్డానికి, కాగితం మీద సంతకం పెడితే బల్లకి, పుట్టినరోజు కేక్ మీద పేరు రాస్తే పళ్ళెం అంచుకి. నేను నవ్వుతూ వెక్కిరిస్తే, "ఏడేళ్ళ అలవాటండీ, పోదు" అంది.

ఆ ఏడేళ్ళూ విశాఖపట్నంలో ఆవిడ సొంత క్లినిక్ నడిపింది. అక్కడ డాక్టరమ్మ. ఇక్కడికి భర్తతో వచ్చాక ఆ డిగ్రీ చెల్లదు. పరీక్షలు రాయాలి, మళ్ళీ రెండేళ్ళు ఇక్కడి కాలేజీలో చదవాలి. ఆ సీటు రావాలంటే ఇక్కడి డెంటిస్ట్ ఎవరైనా ఈ మనిషి పని నేను చూశాను అని ఉత్తరం రాసివ్వాలి. ఆ ఉత్తరం కోసమే, ఉద్యోగం చేసుకోనిచ్చే అనుమతి కార్డు చేతికి రాగానే ఒక క్లినిక్‌లో అసిస్టెంట్‌గా చేరింది. పేషెంట్ నోట్లో నీళ్ళు పీల్చే గొట్టం పట్టుకోవడం, పనిముట్లు అందించడం, వాటిని కడగడం ఆవిడ ఉద్యోగం. బాధగా లేదా అని ఒకసారి అడిగాను.

"నోరైతే చూడనిస్తున్నారు కదండీ" అంది. ఉత్తరం గురించి మాత్రం అందరికీ చెప్పేది. ఈ ఏడాది రాస్తానన్నారు, సెప్టెంబర్‌లో అప్లై చేస్తాను అని కనబడిన ప్రతివాళ్ళకీ చెప్పింది. దాచుకోవడం చేతకాని మనిషి.

ఆ క్లినిక్ డాక్టర్ అమెరికన్, అరవై దాటినవాడు, మంచివాడు. ఆయన కొత్తగా లేజర్ కొన్నాడు. బయట బోర్డు కూడా పెట్టాడు: కత్తి లేదు, కుట్లు లేవు, రక్తం లేదు. మనవాళ్ళు ఎగబడ్డారు. చిగుళ్ళు ఉబ్బినా లేజరే, నోట్లో కాయ కాసినా లేజరే. నేనూ చేయించుకున్నాను, చిగురు కొంచెం పెరిగి పంటి మీదకి వస్తే. నొప్పి లేదు గానీ, సన్నగా పొగ లేచి కాలిన వెంట్రుకల వాసన వేసింది. అది నా మాంసమే అని కాసేపటికి గానీ తెలియలేదు. ఆ పొగని గొట్టంతో పీల్చేస్తూ ఆవిడ నా తల పక్కన నిలబడింది.

లేజర్ వెలిగించే ముందు ఆ గదిలో ఒక తంతు ఉండేది. గదిలో ఉన్న ప్రతివాళ్ళూ ఆకుపచ్చ కళ్ళజోడు పెట్టుకోవాలి. ఆ వెలుగు పొరపాటున కంట్లో పడితే చూపు పోతుంది. అందరూ పెట్టుకున్నారో లేదో చూసి పైకి చెప్పడం అసిస్టెంట్ పని. ఆవిడ ఒక్కొక్కరినీ వేలితో చూపిస్తూ లెక్కపెట్టేది. డాక్టర్, గ్లాసెస్. పేషెంట్, గ్లాసెస్. తోడు వచ్చినవాళ్ళుంటే, విజిటర్, గ్లాసెస్. చివర తనని తాను తాకి, ఇంగ్లీషులో మీ, అంటే నేను, గ్లాసెస్. ఆ తరవాత "క్లియర్" అనేది. ఆ మాట వినపడందే డాక్టర్ లేజర్ వెలిగించే పెడల్ మీద కాలు పెట్టకూడదు. అది వాళ్ళ రూల్. దీపావళికి మా పార్కింగ్‌లో పిల్లలు కాకరపువ్వొత్తులు కాలుస్తుంటే కూడా ఆవిడ అలాగే చేసేది. పిల్లలందరికీ చలవ కళ్ళజోళ్ళు పెట్టించి, లెక్కపెట్టి, క్లియర్ అనేది. పిల్లలు చచ్చేంత నవ్వేవాళ్ళు. ఆ మాట అనందే అగ్గిపెట్టె మాత్రం ఇచ్చేది కాదు.

రెండువేల తొమ్మిది ఎండాకాలంలో మా అత్తగారు వచ్చారు. శ్రీకాకుళం దగ్గర సముద్రం పక్క పల్లె ఆవిడది. నేను హైదరాబాద్‌లో పుట్టి పెరిగినదాన్ని. ఆవిడ మాట సగం నాకు అర్థమయ్యేది కాదు, నా వంట సగం ఆవిడకి ఎక్కేది కాదు. అయినా మాకు బాగానే కుదిరింది. ఆవిడకి పైవరస కట్టుడు పళ్ళు. ఎప్పుడో కట్టించుకున్నవి, వదులైపోయి మాట్లాడుతుంటే టకటకలాడేవి. ఆ పళ్ళ సెట్టు రోజూ ఎక్కడో ఒకచోట మర్చిపోయేవారు. చాలాసార్లు గరాజ్‌లో, పెయింట్ డబ్బాల పక్కన, ఖాళీ పెరుగు డబ్బాలో దొరికేది. గరాజ్‌లో పళ్ళు ఎందుకు తీస్తారు అత్తయ్యా అంటే, అక్కడ సల్లగుంటాదమ్మీ అనేవారు. అక్కడ అప్పుడప్పుడు ఘాటుగా ఏదో వాసన వేసేది. పక్కింటివాళ్ళు బార్బెక్యూ మీద మాంసం కాలుస్తున్నారు అనేవాడు మా ఆయన. వాళ్ళు శాకాహారులని నాకు అప్పుడు గుర్తుకు రాలేదు.

కొత్త సెట్టు కట్టిద్దామని ఆ క్లినిక్‌కి తీసుకువెళ్ళాం. ముందు ఒక ఫారం నింపాలి. ఇంటిదగ్గరే కూర్చుని నేను చదివాను, మా ఆయన జవాబులు చెప్పాడు. షుగర్ ఉంది. బీపీ ఉంది. పొగాకు?

"నో పెట్టు" అన్నాడు. కొంచెం తొందరగా అన్నాడు. పెట్టాను.

మొదటిరోజు వేరే అసిస్టెంట్ ఉంది. డాక్టర్ అత్తగారి నోరు చూసి, వదులు సెట్టు రాపిడికి అంగిలి మీద చర్మం మందం కట్టి గరుకుతేలిందనీ, కొత్త సెట్టు సరిగ్గా కూర్చోవాలంటే ఆ గరుకంతా తీసెయ్యాలనీ చెప్పాడు. లేజర్‌తో పావుగంట పని అన్నాడు. ఫారం ఒకసారి చూశాడు, తలూపాడు. ఆయన తప్పేం లేదు. చాలామందికి అదే అవుతుందట, అలాగే చేస్తారట.

రెండోసారి వెళ్ళేసరికి ఆవిడ ఉంది. మా అత్తగారిని చూసి ముఖమంతా నవ్వుతో, "ఏ ఊరమ్మా?" అంది. ఊరి పేరు వినగానే, "మీ పక్క ఊళ్ళకి క్యాంప్‌కి వచ్చేవాళ్ళం, చదువుకునేటప్పుడు" అంది. అత్తగారు కుర్చీలో వాలారు. మత్తు ఇంజక్షన్ ఇచ్చారు. తర్జుమాకని నన్ను గదిలోనే ఉండమన్నారు. నాకూ కళ్ళజోడు ఇచ్చారు, గదంతా ఆకుపచ్చగా అయిపోయింది.

ఆవిడ గొట్టం పట్టుకుని వంగింది. ఉంగరం వేలు అత్తగారి చెంప మీద ఆనించింది. "ఇంకొంచెం తెరవండి" అంది. అత్తగారు తెరిచారు. ఆవిడ అలాగే ఉండిపోయింది. అద్దం పెట్టి ఒకసారి చూసింది, దీపం వంచి ఇంకోసారి చూసింది. ఫారం ఉన్న కంప్యూటర్ తెర వైపు తలతిప్పి చూసింది. డాక్టర్ లేజర్ పుల్ల చేతిలోకి తీసుకుని, కాలు పెడల్ దగ్గర పెట్టుకుని, రెడీనా అన్నాడు.

"డాక్టర్, గ్లాసెస్" అంది ఆవిడ. "పేషెంట్, గ్లాసెస్. విజిటర్, గ్లాసెస్."

అక్కడ ఆగింది. తన కళ్ళజోడు తీసి, మడిచి, ఏప్రన్ జేబులో పెట్టుకుంది.

డాక్టర్‌కి అర్థం కాలేదు. మర్చిపోయింది అనుకున్నాడు. నీ గ్లాసెస్ అన్నాడు ఇంగ్లీషులో. "నాట్ క్లియర్, డాక్టర్" అంది ఆవిడ. వేలు ఇంకా అత్తగారి చెంప మీదే ఉంది. నాకు ఆ ఆకుపచ్చలోంచి ఆవిడ కళ్ళు కనిపించాయి. ఆవిడ నా కళ్ళలోకి సూటిగా చూడటం అదే మొదటిసారి.

"పేషెంట్‌ని ఒక ప్రశ్న అడగాలి" అని డాక్టర్‌తో చెప్పి, తెలుగులో, మెల్లిగా, "అమ్మా, అడ్డపొగ అలవాటుందా?" అంది.

అత్తగారు నోరు మూసేశారు. లోపల అద్దం ఉండగానే మూసేశారు.

"అడ్డపొగ ఏంటి?" అన్నాను నేను.

"చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లోకి తిప్పుకుని తాగుతారండీ. మా వైపు ఆడవాళ్ళలో ఉంది. అంగిలి చూస్తే తెలుస్తుంది."

"మా అత్తగారా? చుట్టా?" అని నవ్వాను. నిజంగా నవ్వాను. సాయంత్రం దీపం పెట్టి, లలితా సహస్రనామం విని, ఎనిమిదికల్లా పడుకునే మనిషి. అత్తగారి వైపు తిరిగి, చెప్పండి అత్తయ్యా, లేదని చెప్పండి అన్నాను. అత్తగారి కళ్ళజోడు కింద నుంచి నీళ్ళు చెవుల వైపు కారుతున్నాయి.

"ఇక్కడికొచ్చినాక రోజుకొకటే" అన్నారు మొద్దుబారిన నోటితో. "ఊళ్ళో అయితే అయిదారు. సముద్రం గాలికి ఆరిపోద్దని లోపలికెట్టుకుంటాం. మాయమ్మా అలగే, మాయత్తా అలగే. నా కొడుక్కి తెలుసు."

నా కొడుక్కి తెలుసు. ఆ ముక్క ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. గరాజ్, పెరుగు డబ్బా, పక్కింటి బార్బెక్యూ, నో పెట్టు. అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. డాక్టర్ ఏమిటి ఏమిటి అంటున్నాడు. తర్జుమా చేశాను. నిప్పు లోపలికా అన్నాడు. అవునన్నాను. ఆయన నమ్మక మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. ఆయన లేజర్ పుల్ల పక్కన పెట్టేసి, కాలితో పెడల్‌ని దూరంగా తోసేసి, స్టూల్ మీద కూర్చుండిపోయాడు. పొగాకు లేదని రాశారుగా అన్నాడు నాతో. రాసిన చెయ్యి నాదే.

ఆ రోజు లేజర్ పెట్టలేదు. ఓరల్ సర్జన్ దగ్గరికి, చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీకి రాసిచ్చారు. బయటికి వస్తుంటే ఆవిడ వరండాలో నా చెయ్యి పట్టుకుంది.

"కంగారుపడకండి. ఏం లేకపోవచ్చు. కానీ చూడకుండా కాల్చేస్తే ఇంక చూడటానికి ఏమీ మిగలదు. పైన చర్మం నున్నగా వచ్చేస్తుంది, దాని మీద కొత్త సెట్టు కూర్చుంటుంది. కింద ఏముందో ఎవరికీ తెలీదు."

"మరి నోటితో చెప్పచ్చు కదా, కళ్ళజోడు తియ్యడం ఎందుకు?"

"పేషెంట్ ముందు డాక్టర్ మాట కాదనే హక్కు అసిస్టెంట్‌కి లేదండీ. కళ్ళజోళ్ళు లెక్కపెట్టే హక్కు ఒక్కటే ఉంది" అంది.

ఆ మాట అప్పుడు నా బుర్రకెక్కలేదు. ఎక్కి ఉంటే మర్నాడు ఆ పని చేసేదాన్ని కాదు.

ఇంటికి వచ్చాక అత్తగారు మంచం ఎక్కి గోడ వైపు తిరిగారు. అన్నం వద్దన్నారు. టిక్కెట్టు మార్చెయ్యండి, ఎల్లిపోతాను అన్నారు. మా ఆయన నామీద, ఆవిడ మీద, డాక్టర్ మీద, కనబడిన ప్రతిదాని మీదా ఎగిరాడు.

"గొట్టం పట్టుకునే మనిషి మా అమ్మని అందరి ముందూ అలా అడుగుతుందా? రేపు పాట్‌లక్‌లో చెప్పదని గ్యారంటీ ఏంటి? ఫోన్ చేసి అడుగు, నీకు ఇంగ్లీష్ బాగా వచ్చుగా."

నేను చేశాను. సిగ్గుపడాల్సింది అక్కడ. తనమీద కోపం ఆయన ఆవిడ మీదకి తోశాడు, దాన్ని నేను మంచి ఇంగ్లీషులో పెట్టాను. మర్నాడు పొద్దున వంటింట్లో నిలబడి, ఆఫీస్ మేనేజర్‌తో, మీ అసిస్టెంట్ మా అత్తగారిని అవమానించిందనీ, రోగం ఏమిటో చెప్పడానికి ఆవిడకి లైసెన్స్ ఉందా అనీ, ఇది అన్‌ప్రొఫెషనల్ అనీ, పేరు పెట్టి రెండుసార్లు చెప్పాను. ఆ మేనేజర్ చాలా మర్యాదగా, సీరియస్‌గా తీసుకుంటాం అంది. ఫోన్ పెట్టేసి, బాగా మాట్లాడాను అనుకున్నాను.

పది రోజులకి బయాప్సీ రిపోర్ట్ వచ్చింది. క్యాన్సర్. అప్పుడే మొదలైంది, చిన్నది, లోతుకి పోలేదు. సర్జన్ అంతమేర కోసి తీసేశాడు. ఇంకో ఏడాది ఆలస్యమైతే అంగిలి మొత్తం తియ్యాల్సి వచ్చేదనీ, లేజర్‌తో పైపైన నున్న చేసి సెట్టు పెట్టి ఉంటే ఆ ఏడాది కచ్చితంగా పోయేదనీ చెప్పాడు. మా ఆయన ఆస్పత్రి బాత్రూంలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. లోపల నుంచి ఏడుపు వినిపించింది. నేను తలుపు తట్టలేదు.

క్లినిక్‌కి మళ్ళీ ఫోన్ చేసి నా మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాలి. ఎంతసేపు పని, రెండు నిమిషాలు. రేపు చేద్దాం అనుకున్నాను. రేపు కాస్తా వారమైంది. వారం తరవాత చేస్తే ఇన్నాళ్ళు ఎందుకు చెయ్యలేదంటారని మానేశాను.

ఆపరేషన్ అయ్యాక ఆవిడ ప్రతి ఆదివారం మా ఇంటికి వచ్చేది. ఎవరూ పిలవలేదు. చిన్న టార్చిలైటు, స్టీల్ చెంచా తెచ్చుకునేది. అత్తగారిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, వేలు గడ్డానికి ఆనించి, ఇంకొంచెం తెరవండి అని, మానుతున్న పుండు చూసి, క్లియర్ అనేది. పొగ మానేశారా అని నోటితో ఒక్కసారి కూడా అడగలేదు. గరాజ్‌లో పెరుగు డబ్బా రెండో వారానికే మాయమైంది. నేను కాఫీ ఇచ్చేదాన్ని. ఫిల్టర్ కాఫీ బాగుందండీ అని తాగి వెళ్ళేది. అయిదు ఆదివారాలు అలా వచ్చింది. ఒక్కసారీ నేను నోరు విప్పలేదు.

ఆ సెప్టెంబర్‌లో పాట్‌లక్‌లో అడిగాను, గొంతు మామూలుగా పెట్టి. "అప్లై చేశారా?"

"ఈ ఏడాది కుదరదండీ. ఎవరో కంప్లైంట్ చేశారంట. పేరు చెప్పరు కదా. రివ్యూ అయ్యేదాకా ఉత్తరం ఇవ్వకూడదన్నారు, పనిముట్లు కడిగే గదిలో వేశారు. డాక్టర్ గారు పాపం నా తరఫున చాలా మాట్లాడారు. అదయ్యేసరికి గడువు దాటిపోయింది." నా పెదాల కేసే చూస్తూ చెప్పింది. "పోనీలెండి. ఏడాదే కదా."

నేను గారె నోట్లో పెట్టుకున్నాను.

మరుసటి ఏడాది ఉత్తరం వచ్చింది, సీటు వచ్చింది. వేరే రాష్ట్రంలో, తనకంటే పదిహేనేళ్ళు చిన్న పిల్లల మధ్య రెండేళ్ళు చదివి వచ్చింది. డిగ్రీ అందుకున్న రోజు ఫోటో పంపింది. నవ్వుతోంది. తన పళ్ళలో ఒకటి కొంచెం వంకర అని అప్పుడే చూశాను. అన్నేళ్ళలో నేను ఆవిడ నోటికేసి ఒక్కసారి చూడలేదు. పదకొండు నెలలు తన కుర్చీ పక్కన తానే డాక్టరుగా నిలబడింది. నేను ఆ ఫోన్ చెయ్యకపోతే ఇంకో ఏడాది నిలబడేది. ఇది లెక్క కాదు, నేను చేసిన పని.

కార్లో చాలాసేపు కూర్చుని ఇంటికి వచ్చాను. అత్తగారు మళ్ళీ వచ్చి ఉన్నారు ఇప్పుడు, ఆరునెలలకని. డెబ్భై దాటాయి. సర్జన్ ఏడాదికొకసారి చూసి పంపిస్తాడు, ఇప్పటిదాకా ఏమీ లేదు. వంటింట్లో బల్ల దగ్గర చిక్కుడుకాయలు వలుస్తున్నారు. చెప్పాను. ఆవిడ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"ఆ పిల్లా?" అన్నారు. కొత్త పళ్ళ సెట్టు తీసి గిన్నె పక్కన పెట్టారు. ముఖం ఒక్కసారి లోపలికి పోయింది.

నేనింక ఆగలేకపోయాను. "అత్తయ్యా, నేను ఆవిడకి ఒక అన్యాయం చేశాను" అన్నాను.

"తెలుసు. ఆ పొద్దు ఈ వంటింట్లోనే నిలబడి ఫోన్ సేసినావు."

"మీకు ఇంగ్లీష్ రాదు కదా."

"ఇంగిలీసు రాకపోతే ఏటి, ఆ పిల్ల పేరు రెండుసార్లన్నావు. నీ మొకం సూస్తే తెలదా." చిక్కుడుకాయ ఈనె లాగి పడేశారు. "మొదటి ఆదివారం లైటట్టుకుని వచ్చినప్పుడు నానే సెప్పేసినాను ఆ పిల్లకి. నువ్వు కాఫీకి లోపలికెల్లినావు. మా కోడలే నీమీద సెప్పిందమ్మా, నా నోటి మూలంగా, దాన్నేటీ అనుకోకు అన్నాను."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ తరవాత ఇంకో నాలుగు ఆదివారాలు వచ్చింది. పేరు చెప్పరు కదా అంది. పోనీలెండి అంది. గుడి పార్కింగ్‌లో, రాత్రిళ్ళు పళ్ళు కొరుకుతున్నారా అంది.

"ఏమంది?" అన్నాను.

"ఏటంటాది. తెలుసమ్మా, ఇంకొంచెం తెరవండి అంది. లైటేసి సూసింది. క్లియర్ అంది. నువ్వు తెచ్చిన కాఫీ తాగి ఎల్లిపోయింది."